ఆకలి కబురు

అంచు దారం విసిరే నాడె కనబడక మగ్గం ఆగిపోయి అప్పటికి గంటన్నర అయింది.

సుంకప్ప మగ్గం గుంతలోంచి లేవకుండానే అరుస్తున్నాడు. పడుగు కింద చూశారు, కండెల బుట్ట బోర్లించారు, చాప దులిపారు. ఆఖరికి కోళ్ళగంప కింద కూడా చూశారు. నాడె లేదు. గోరింటాకు రంగు పెళ్ళిచీర సగంలో నిలిచిపోయింది. శ్రావణమాసం పెళ్ళి. ఆదివారానికల్లా మగ్గం మీంచి చీర కోసి ఇస్తామని పెళ్ళికూతురి తల్లికి మాటిచ్చి ఉన్నారు.

"నాడెకేమన్నా కాళ్ళొచ్చినాయా? పొద్దున ఈడనే ఉండె గదే!"

"నన్నడిగితే ఏం తెలుస్తాది? ఆ పక్క కూర్చునేది నేనా? కూర్చునేవాళ్ళను అడుగు," అంది అంజనమ్మ. వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

రోగమంతా ఆ మాటలోనే ఉంది. ధర్మవరం పెద్దంచు చీర ఒక్కరు నేసేది కాదు. నడిమి నాడె ఒకరు విసిరితే, అంచు నాడె పక్కన కూర్చున్న మనిషి విసరాలి. ఇద్దరూ ఒకే గుంతలో కాళ్ళు పెట్టి, భుజం భుజం ఆనించుకుని కూర్చోవాలి. అంజనమ్మ పద్దెనిమిదో ఏట ఈ ఇంటి కోడలై వచ్చింది. వచ్చిన నాటి నుంచి ఆ అంచు పక్క చోటు ఆమెదే. మొగుడితో పోట్లాడిందీ అక్కడే, అలక తీరిందీ అక్కడే. కూతురికి నెల నిండకముందే పిల్లను ఉయ్యాల్లో వేసి వచ్చి కూర్చుంది.

ముట్లు నిలిచిపోయిన తర్వాత ఐదేళ్ళలో ఆమె ఒళ్ళు ముప్పై కిలోలు పెరిగింది. పోయిన దసరాకు కండెల బుట్ట చంకన పెట్టుకుని గుంతలోకి దిగి, పైకి రాలేకపోయింది. ముగ్గురు పట్టి లాగారు. ఆ ముగ్గురిలో పక్కింటి నల్లమ్మ ఒకతె. తాను దూర సందు లేదు, మెడకో డోలు అని నల్లమ్మ వీధి వీధంతా చెప్పుకుని నవ్వింది. ఆ నవ్వు అంజనమ్మ చెవుల్లో ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడు ఆ చోట్లో ఆడబిడ్డ కూర్చుంటోంది.

భారతి సుంకప్పకు ఒక్కతే చెల్లెలు. యాభై ఒకటి. పెనుకొండలో కాపురం చేసి, కండక్టరు మొగుడు పోయాక, పిల్లలు లేక, ఎనిమిదేళ్ళ కింద అన్న పంచన చేరింది. నోట్లో నాలుక లేని మనిషి. మొన్నటి దాకా ఆమెదీ వదినలాంటి ఒళ్ళే. ఇద్దరూ కలిసి వీధిలో నడిస్తే ఆటోవాళ్ళు ఆపకుండా పోయేవారు. ఈ ఉగాది నుంచి భారతి కరుగుతూ వచ్చింది. గుంతలో దిగడం, లేవడం పదహారేళ్ళ పిల్లలా చేస్తోంది.

అది సహించవచ్చు. అంజనమ్మ సహించలేనిది ఇంకొకటి ఉంది. ఐదేళ్ళుగా మూగగా నేసిన సుంకప్ప, చెల్లెలు పక్కన కూర్చున్నప్పటి నుంచి చౌడమ్మ తల్లి పాటలు కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం వినబడితే చాలు, అంజనమ్మ చేతిలో గిన్నెలు చప్పుడు చేస్తాయి.

భారతి గుంతలోంచి లేచి వంటింట్లోకి వచ్చింది. వదినను దాటుకుని వెళ్ళి, తిన్నగా రాగిపిండి డబ్బా మూత తీసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి నాడెను బయటికి లాగింది. కొంగుతో పిండి తుడిచింది.

కొత్త కోడలప్పుడు అంజనమ్మకు కోపమొస్తే మొగుడి వస్తువులు ఆ డబ్బాలోనే దాచేది. అప్పట్లో భారతి పరికిణీ పిల్ల. ఆ సంగతి ఈ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

అంజనమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఇల్లెక్కి అరుస్తుంది, అన్నకు చెబుతుంది, చెప్పనీ, అనుకుంది.

"దొరికె అన్నా," అంది భారతి గడపలోంచే. "కండెల బుట్ట అడుగున ఇరుక్కోని ఉండె. నేనే సరిగా చూసుకోల్యా."

"నీ కండ్లు యాడ పెట్టుకోనుంటివే? గంటన్నర పని పాయె!"

"తప్పాయె అన్నా."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మంచితనం అంజనమ్మకు పుండు మీద ఉప్పులా తగిలింది.

భారతి వెంటనే పోలేదు. గోడకు చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుంది. చెయ్యి ఎత్తేసరికి గాజులు మోచేతి దాకా జారాయి. చూపించుకుంటోంది, అనుకుంది అంజనమ్మ.

"వదినా, ఈ పొద్దు నువ్వే కూర్చుందువా? నాకెందుకో చాతకాకుండా ఉండాది."

"ఎగతాళా? ఆ గుంతలో నేను పట్టేదెట్ల?"

"అట్ల కాదు వదినా..."

"ఎట్లా కాదులే. పోయి కూర్చో పా. మీ అన్న పాట ఆగిపాయె పాపం."

భారతి నాడె తీసుకుని వెనక్కి తిరిగింది. వెళ్ళి గుంతలో దిగింది. మగ్గం మళ్ళీ చప్పుడు చేసింది. ఆ పూట మాత్రం పాట వినబడలేదు. అయినా అంజనమ్మకు మనసు నిమ్మళించలేదు.

* * *

గురువారం సూదుల రోజు.

ఫ్రిజ్జు పై అరలో రెండు డబ్బాలుంటాయి. పద్నాలుగో నంబరు అంజనమ్మది, పదిహేనో నంబరు భారతిది. ఉగాదికి ముందు హిందూపురంలో మహజబీన్ డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, ఆ మందు సంగతి వివరంగా చెప్పింది.

"మన కడుపులో నుంచి తలకు ఒక కబురు పోతుంది, ఆకలేస్తోంది అని. ముట్లు ఆగిపోయిన తర్వాత ఒళ్ళు ఖర్చు పెట్టేది తగ్గుతుంది, ఆ కబురు మాత్రం తగ్గదు. అందుకే కొవ్వు పేరుకుంటుంది. ఈ మందు ఆ కబురును దారిలోనే ఆపుతుంది. బెంగళూరువాళ్ళు పరీక్ష చేస్తున్నారు. సగం మందికి మందు, సగం మందికి వట్టి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏదో నాకూ తెలియదు, మీకూ తెలియదు. ఒకరి డబ్బాలోది ఇంకొకరు వేసుకుంటే మాత్రం పరీక్షే చెడిపోతుంది."

అత్తకు ఆరేళ్ళు చక్కెర జబ్బుకు సూదులు వేసిన చెయ్యి అంజనమ్మది. అది విని డాక్టరమ్మ ఇద్దరి సూదులూ ఆమెకే అప్పగించింది. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టయింది. కాకపోతే అప్పటికి అంజనమ్మ దొంగ కాదు.

మొదటి రెండు నెలల్లో భారతి ఏడు కిలోలు తగ్గింది. అంజనమ్మ ఒక కిలో పెరిగింది. ఇంక ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పట్టుకు నీళ్ళు చల్లి తూకానికి తెచ్చే విద్య ఆ వీధిలో చంటిపిల్లకు కూడా తెలుసు. తనకు దక్కింది ఆ నీళ్ళే. మంచి పట్టు ఎప్పుడూ పక్కవాళ్ళకే పోతుంది.

ఏరువాక పున్నమి వెళ్ళిన గురువారం ఆమె చెయ్యి మొదటిసారి పక్క డబ్బాలోకి పోయింది. భారతికి సూదంటే భయం. ముఖం గోడవైపు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని పడుకుంటుంది. అంజనమ్మ తన డబ్బాలోది ఆమెకు పొడిచింది, ఆమె డబ్బాలోది తాను పొడుచుకుంది. ఖాళీ సీసాలను ఎవరి డబ్బాలో వాళ్ళవి పెట్టేసింది. అంతే. ఈ గురువారంతో ఎనిమిది.

మూడో వారం నుంచి ఆమెకు ఆకలి కబురు రావడం మానేసింది. నల్లమ్మ ఇంటి నుంచి బెల్లం పూర్ణం ఓళిగలు వచ్చినా చెయ్యి వాటి మీదికి పోలేదు. ఐదేళ్ళుగా రాత్రీ పగలూ చెవిలో మోగిన గంటను ఎవరో పట్టుకుని ఆపినట్టయింది. ఆమె ఒక్కతే పెరట్లోకి పోయి నవ్వుకుంది. సంతోషంతో ఏడ్చింది కూడా.

ఇక భారతి మాట. దానికి నీళ్ళు పోస్తున్నా ఎందుకు సన్నబడుతూనే ఉంది? అంజనమ్మ దీనికొక సమాధానం చెప్పుకుంది. రంగెక్కిన పట్టును ఉతికినంత మాత్రాన రంగు పోతుందా? మందూ అంతే. దాని ఒంటికి పట్టేసింది, ఇంక పోదు. దానికి చాలినంత దొరికింది కాబట్టి మిగిలింది నాకు. అద్దకం వీధిలో పుట్టిన బుద్ధి అది. అంజనమ్మకు అది బాగానే అతికింది.

"పొట్ట మీద గుడ్డ తియ్యి. ముఖం అట్ల తిప్పుకో."

భారతి పడుకుంది. అంజనమ్మ చర్మం రెండు వేళ్ళతో పట్టి ఎత్తబోయింది. ఉగాదికి గుప్పెడు వచ్చిన చోట ఇప్పుడు చిటికెడు కూడా రాలేదు. పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టేలా ఉన్నాయి. నడుము దగ్గర జాకెట్టు రెండుసార్లు కుట్టు వేసి బిగించిన గుర్తులు. అది చూసి అంజనమ్మకు జాలి కలగాల్సింది. కలిగింది ఓర్వలేనితనమే. ఇంత సన్నబడి, ఇంకా ఏం కావాలి దీనికి?

సూది దిగింది. భారతి కదలలేదు.

"నీ చేతి సూది నొప్పే తెలీదు వదినా. అమ్మ కూడా అట్లనే అంటాండె."

అంజనమ్మ దూదితో ఆ చోట అదిమింది. ఖాళీ సీసాను పద్నాలుగో డబ్బాలో పెట్టేసింది.

* * *

శనివారం పొద్దున ఇద్దరూ హిందూపురం ప్యాసింజరు ఎక్కారు. నెల నెలా డాక్టరమ్మ దగ్గర తూకం వేయించుకోవాలి.

పెనుకొండ వచ్చేసరికి భారతి కిటికీ దగ్గరికి జరిగింది. ప్రతిసారీ అంతే. కొండ కనబడినంతసేపూ చూస్తుంది. ఆ కింద ఎక్కడో తాను కాపురం చేసిన ఇల్లు ఉంది. ఇవాళ మాత్రం కొండ కనబడకముందే తల కిటికీ చువ్వలకు ఆనించి కళ్ళు మూసుకుంది.

ఉడకబెట్టిన వేరుశెనగకాయలు అమ్మకానికి వచ్చాయి. భారతి ఒక పొట్లం కొని వదిన ఒళ్ళో పెట్టింది. ఈ రెండు ఒళ్ళూ పెంచిన పాపంలో పెనుకొండ స్టేషను చెనిక్కాయలకు పెద్ద వాటా ఉంది. ఒకప్పుడు రెండు పొట్లాలు కొని, హిందూపురం దాకా ఆగలేక, మలుగూరులో మూడోదాని కోసం తలుపు దగ్గరికి పరుగెత్తిన వాళ్ళు.

"తిను వదినా."

"నాకొద్దు. నువ్వు తిను."

"నాకూ వద్దు."

పొట్లం ఇద్దరి మధ్యా చల్లారిపోయింది. రైలు కదిలింది.

"నీకెందుకొద్దు?" అంది అంజనమ్మ. మామూలుగా అడుగుదామనుకుంది, గొంతు గద్దించినట్టు వచ్చింది.

"దిగదు వదినా. రెండు ముద్దలు తినంగానే రొమ్ము కింద, ఇదో ఈడ, అడ్డం పడ్తాది. బలవంతంగా తింటే బయటికొస్తాది."

"ఎన్నాళ్ళాయె?"

"మొదట్లో బాగుండె. ఆకలి మెల్లమెల్లగా తగ్గె, తిన్నంత సయించె. ఏరువాక అయినంక ఏమాయెనో, ఒక పది దినాలు మళ్ళా ఆకలి దంచె వదినా. సట్టిలో సంగటంతా నేనే తినేద్దామన్నంత ఆకలి. మందు పని చేయడం ల్యాదేమోనని భయమాయె. ఆ మీదట ఇది మొదులాయె. ఇప్పుడు నేను మానేదేమీ ల్యా, కూడే నన్ను మానుకున్యాది. మందు గట్టిగా పట్టినట్టుండాది."

అంజనమ్మ వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టింది.

ఏరువాక అయినంక. పది దినాలు మళ్ళీ ఆకలి. అంటే రంగు ఉతుకుడుకు పోయింది. మందు పది రోజుల్లో ఒంట్లోంచి దిగిపోయి, ఆకలి కబురు మళ్ళీ వచ్చింది. మరి ఆ తర్వాత దాన్ని ఆపింది ఎవరు? ఎనిమిది వారాలుగా ఈ మనిషికి తాను పొడిచింది ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళకు ఎముకలు కనబడేలా ఎవరూ చిక్కిపోరు.

"డాక్టరమ్మకు చెప్పలేదేమే?"

"చెప్తే మందు ఆపేస్తాది." భారతి నవ్వడానికి ప్రయత్నించింది. "ఎనిమిదేండ్లు మీ ఇంట్లో ఊరికే కూర్చోని తింటిని వదినా. ఇప్పుడు మగ్గం కాడ ఒక చోటు దొరికె. అన్నకు పనికొస్తాండా. అది పోగొట్టుకోబుద్ధి కాల్యా. నువ్వు చెప్పొద్దు. నా మీద ఒట్టు."

ఒకే గుంత, ఒకే చోటు. దాన్ని గుప్పిట్లో పట్టుకోవడానికి ఇద్దరూ నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆ మాట అప్పుడు అంజనమ్మకు తట్టలేదు. తట్టింది ఒక్కటే. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో తానొక్కతే. చెబితే తన దొంగతనం బయటపడుతుంది. మొగుడికి తెలుస్తుంది, నల్లమ్మకు తెలుస్తుంది. అన్నిటికన్నా, ఆ మందు పోతుంది. ఆకలి గంట మళ్ళీ మోగుతుంది.

హిందూపురం వచ్చేదాకా ఆమె తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

* * *

పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక సందులో డాక్టరమ్మ ఆసుపత్రి. గూళ్ళు ఉడికిన వాసన కిటికీలోంచి వస్తూనే ఉంటుంది. ఆ వాసనకు భారతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ముందు అంజనమ్మ తూకం. ఎనభై నాలుగు.

"పోయిన నెల ఎనభై ఎనిమిది!" డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "అంజనమ్మగారూ, మీరే నమ్మలేదు కదా. ఇలాగే పోతే దీపావళికి మగ్గం గుంతలో దిగుతారు."

దీపావళికి. ఆ మాట అంజనమ్మ గుండెల్లో దీపం పెట్టినట్టే వెలిగింది. ఇంకా మూడు నెలలు. అంచు పక్క చోటు, మొగుడి భుజం, రెండు నాడెల చప్పుడు. అన్నీ అంత దగ్గరలో ఉన్నాయి. నోరు మెదపకుండా ఉంటే చాలు.

తర్వాత భారతి. అరవై నాలుగు.

"ఉగాదికి ఎనభై రెండు. మీ ఇద్దరికీ అసలు మందే పడినట్టుంది నాకు," అంది డాక్టరమ్మ. కాగితం మీద రాసుకుంటూ, కొంచెం ఆగి, భారతిని చూసింది. "తగ్గుదల కాస్త ఎక్కువగానే ఉంది. ఇబ్బందేమైనా ఉందా?"

"ఏమీ ల్యాదు మేడం. హాయిగా ఉండా."

డాక్టరమ్మ మళ్ళీ కాగితం మీదికి వంగింది. అంజనమ్మ ఉండలేకపోయింది. ఒట్టు తప్పకుండా, తన గుట్టు విప్పకుండా, మధ్యలో ఒక దారి దొరుకుతుందేమోనని చూసింది.

"మేడం, ఒగసారి ఆయమ్మకు స్కానింగు తీయించకూడదా? అన్నం సరిగా తినడం ల్యాదు."

"వదినా!" అంది భారతి.

"అది మందు పనే కదమ్మా. ఆకలిని ఆపడానికే కదా ఇస్తున్నాం. కొందరికి వికారం కూడా ఉంటుంది. మోతాదు తగ్గించమని బెంగళూరుకు రాస్తాను. వచ్చే నెలకు సర్దుకుంటుంది."

వచ్చే నెలకు. అంజనమ్మ భారతి వైపు చూసింది. భారతి నాలుగడుగుల దూరం నడిచి వచ్చి కుర్చీలో కూర్చోవడానికే రెండుసార్లు ఆగింది. మందు మందు అంటూ అందరూ ఆ మనిషిని వదిలేశారు. మందు లేదని తెలిసినది ఒక్కతే. ఆ ఒక్కతీ దీపావళి లెక్క చూసుకుంటోంది.

"ఆయమ్మకు మందు పోవడం ల్యా మేడం."

"అంటే?"

"ఎనిమిది వారాలాయె. నా డబ్బాలోది ఆయమ్మకు పొడుస్తాండా. ఆయమ్మ డబ్బాలోది నేను పొడుచుకుంటాండా."

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది.

"ఏమన్నావ్?" అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వులోకి దిగింది. "నమ్మి చేతికిస్తే ఇదా నువ్వు చేసింది? నా పరీక్ష సంగతి అటుంచు. ఇది బతుకుతో ఆట అని తెలుసా నీకు?"

"తెలీక చేయల్యా మేడం. ఓర్వలేక చేస్తి."

భారతి చేతిసంచీ పట్టీని చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం చేస్తోంది.

డాక్టరమ్మ లేచి బీరువా తెరిచింది. లక్క ముద్ర వేసిన రెండు కవర్లు బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద పద్నాలుగు, ఇంకోదాని మీద పదిహేను.

"ఎవరి డబ్బాలో ఏముందో వీటిలో ఉంది. ప్రాణం మీదికి వస్తే తప్ప చింపకూడదు. చింపితే మీ ఇద్దరూ పరీక్షలోంచి బయటికే. ఇంక ఈ మందు నీకు ఎవరూ ఇవ్వరు, అంజనమ్మా. ఆలోచించుకునే చెబుతున్నావా? నీకు ఆకలి లేకుండా పోయింది ఈమె డబ్బా వేసుకున్న తర్వాతేనా?"

అంజనమ్మకు ఆ క్షణంలో కూడా ఆశ చావలేదు. అది చెప్పుకుంటే సిగ్గు. కవరు చింపకుండానే భారతికి వైద్యం చేయించవచ్చేమో, ఆ పదిహేనో నంబరు సీసాలు ఇంకో రెండు నెలలకు ఇంట్లో ఉన్నాయి కదా అని ఒక ఆలోచన పాములా తల ఎత్తింది. భారతి గాజులు మళ్ళీ మోచేతి దాకా జారాయి. ఈసారి అవి చూపించుకుంటున్నట్టు కనబడలేదు.

"చింపండి మేడం."

డాక్టరమ్మ రెండూ చింపింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"పదిహేనులో మందు. పద్నాలుగులో నీళ్ళు," అంది మెల్లగా. కోపం ఎక్కడికో పోయింది. "భారతమ్మా, రా. ఈ బల్ల మీద పడుకో."

భారతి పడుకుంది. డాక్టరమ్మ చెయ్యి పొట్ట మీద అటూ ఇటూ నడిచి, రొమ్ము ఎముక కింద ఒక చోట ఆగింది. అక్కడే మళ్ళీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"ఈ గడ్డ నీ చేతికి ఎప్పుడూ తగల్లేదా?"

భారతి తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ ఫోను దగ్గరికి వెళ్ళి, బెంగళూరు నంబరు తిప్పుతూ, ఇవాళ వీళ్ళను ఊరికి పంపొద్దని నర్సుకు సైగ చేసింది.

అంజనమ్మ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. సూది రోజున అలవాటైన చోటే అది. భారతి ఈసారి ముఖం గోడవైపు తిప్పుకోలేదు. తిన్నగా వదిన కళ్ళలోకి చూసింది.

"అంచు పక్క చోటు కోసరమా వదినా?"

"అవునే."

"అడిగింటే ఇచ్చేదాన్ని. మొన్న నేనే లేస్తి గదా."

అంజనమ్మ ఆమె గాజులను మణికట్టు దాకా కిందికి లాగింది. భారతి చెయ్యి తడుముకుంటూ వచ్చి, డాక్టరమ్మ నొక్కిన చోట ఆగింది. అక్కడ ఉన్నదాన్ని వేళ్ళతో మొదటిసారి తాకి చూసుకుంది.

"నేను ఇన్ని దినాలూ మందే అనుకుంటి," అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "మందు కాకపోతే, నన్ను తింటాండేది ఏంది వదినా?"